చెయిన్ సా కింద రాలే పొట్టు ఏం చెబుతుంది?

పెట్రోల్ చెయిన్ సా ఎలా ఉందో తెలియాలంటే ఇంజిన్ చప్పుడు వినడం కన్నా దాని కింద రాలిన పొట్టును చేతిలోకి తీసుకుని చూడటం మేలు. పదునున్న చెయిన్ దుంగను అడ్డంగా కోస్తుంటే చిత్రిక పట్టినప్పుడు రాలినట్టు మందపాటి చిన్న పెచ్చులు పడతాయి. పదును పోయిన చెయిన్ పిండి రాలుస్తుంది. బాగా ఎండిన చెక్క, పుచ్చిన చెక్క ఎలాగూ కొంత మెత్తటి పొట్టే ఇస్తాయి. నార పొడుగునా చీల్చితే పొడవాటి పీచులు వస్తాయి. ఈ మినహాయింపులు పక్కన పెడితే, పచ్చి దుంగలోంచి పిండి రాలుతోందంటే పని ఆపి ఆకురాయి అందుకోవాల్సిందే.

ఎందుకంత పట్టుదల? పన్ను చెక్కను తనంతట తాను కొరకనప్పుడు మనిషి రంపాన్ని కిందికి అదుముతాడు. అదిమితే బార్ (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి ఉక్కు పలక) అంచులు కాగిపోతాయి, వాటి మీది ఆయిల్ మాడుతుంది, చెయిన్ సాగుతుంది, క్లచ్ జారుతుంది, ఇంజిన్ అవసరానికి మించి ఫుల్ త్రాటిల్‌లో నడుస్తుంది. చేతులు అలిసిపోతాయి. కోత పూర్తవగానే ఆ అదిమిన బలానికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు, తిరుగుతున్న చెయిన్ నేరుగా కాలి వైపు దిగుతుంది. అందుకే చెయిన్ సా విషయంలో 'భద్రత' ఒక అధ్యాయం, 'నిర్వహణ' ఇంకో అధ్యాయం అని విడగొట్టి నేర్పడం సరికాదని మా అభిప్రాయం. రెండూ పన్ను దగ్గరే మొదలవుతాయి.

ప్రతి పన్నూ ఒక చిన్న చిత్రిక

వడ్రంగి చిత్రికలో ఉలి ఎంత బయటికి పొడుచుకొస్తే అంత మందం పొర లేస్తుంది. ఆ లోతును నిర్ణయించేది చిత్రిక అడుగు చెక్క. చెయిన్ సా పన్నులోనూ ఇదే అమరిక ఉంది. వెనక కోసే అంచు, దాని ముందు చిన్న మూపురంలాంటి డెప్త్ గేజ్. ఈ మూపురం చెక్క మీద ఆనుకుని జారుతుంటే, దానికన్నా కొద్దిగా ఎత్తున్న పన్ను అంతే లోతుకు కొరుకుతుంది. ఆ ఎత్తు తేడా చాలా చెయిన్లలో 0.65 మిల్లీమీటర్లు. కోసే అంచులోనూ రెండు భాగాలున్నాయి. పక్క అంచు నారను తెంపుతుంది, పై అంచు తెగిన నారను పెళ్లగించి బయటికి తోస్తుంది. రెండూ కలిసే మూల మొదట మొద్దుబారుతుంది, పనంతా నడిచేది ఆ మూల మీదే.

1940ల దాకా వాడిన చెయిన్లకు ఈ అమరిక లేదు. మామూలు రంపపు పళ్లలా చెక్కను గీరేవి, అస్తమానం పదును పెట్టాల్సి వచ్చేది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో చెట్లు కొట్టే పనిలో ఉన్న జోసెఫ్ కాక్స్, మొద్దును తొలిచే పురుగు లార్వా దవడలు ఎడమకూ కుడికీ ఎలా కొరుకుతున్నాయో గమనించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంగిన పళ్లతో చెయిన్ చేశాడు. ఇవాళ వాడుతున్న చెయిన్లు దాదాపు అన్నీ ఆ రూపానికి వారసులే.

పదును పెట్టేముందు సరైన ఆకురాయి ఎంచుకోవాలి. అది చెయిన్ పిచ్‌ను బట్టి ఉంటుంది. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరాన్ని సగం చేస్తే పిచ్ వస్తుంది. 3/8 అంగుళం లో ప్రొఫైల్ చెయిన్‌కు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 0.325 అంగుళానికి 4.8, పూర్తి సైజు 3/8 అంగుళానికి సాధారణంగా 5.2 (కొన్ని తయారీలకు 5.5), 0.404 అంగుళానికి 5.5. చిన్నది వాడితే పన్ను అడుగు కొక్కెంలా తవ్వుకుపోయి అంచు పెళుసుగా తయారవుతుంది. పెద్దది వాడితే అంచు వెనక్కి వాలి చెక్క మీద జారుతుంది.

ఇంజిన్ ఆపి, బార్‌ను వైస్‌లో గానీ మొద్దుకు కొట్టే బిగింపులో గానీ కదలకుండా బిగించాలి. చేతులకు తొడుగులు తప్పవు, ఆగి ఉన్న చెయిన్ కూడా కోస్తుంది. చాలా చెయిన్లకు పై అంచు కోణం 30 డిగ్రీలు, కొన్నిటికి 25. పన్ను పైన గీసిన సన్నటి గీత ఆ కోణాన్నే చూపిస్తుంది. ఆకురాయి వ్యాసంలో ఐదో వంతు పన్ను పైకి కనిపించేలా ఆనించి, పన్ను లోపలి వైపు నుంచి బయటి వైపుకు తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తి తేవాలి. వెనక్కి రుద్దితే ఆకురాయి పళ్లే అరుగుతాయి. ఒక పక్క పళ్లన్నీ అయ్యాక రంపాన్ని తిప్పి రెండో పక్క మొదలుపెట్టాలి.

ఎన్ని తోపులన్న దానికన్నా పళ్ల పొడవు సమానంగా ఉండటం ముఖ్యం. అన్నిటికన్నా పొట్టి పన్ను ఏదో చూసి మిగతావాటిని దాని పొడవుకే తేవాలి. కుడివైపు పళ్లు పొడుగ్గానో, ఎక్కువ పదునుగానో ఉంటే కోత వంకరగా ఒక పక్కకు లాగుతుంది. చాలామంది ఇది బార్ తప్పనుకుంటారు. ఒక్కోసారి బార్ తప్పే కావచ్చు, కానీ ముందు కొలవాల్సింది పళ్లను. అంచు తేలిందో లేదో వెలుతురు చెబుతుంది. పదునైన అంచు మీద వెలుతురు నిలవదు, మొద్దుబారిన అంచు తెల్లటి గీతలా మెరుస్తుంది. రాయికో మేకుకో తగిలి మూల విరిగినప్పుడు రెండు తోపులతో పని అవదు. పన్ను పైనున్న క్రోమియం పూత దెబ్బతిన్న మేరా అరగదీసి, కొత్త లోహం బయటపడే దాకా వెనక్కి పోవాలి. మామూలు పనిలో మాత్రం ప్రతి ట్యాంకు పెట్రోలుకు ఒకసారి, పన్నుకు రెండు మూడు తోపులు చాలు. పూర్తిగా మొద్దుబారే దాకా ఆగితే చెయిన్ ఆయుష్షు సగం ఆకురాయి కిందే పోతుంది.

ఎక్కువమంది వదిలేసేది డెప్త్ గేజ్. పన్ను పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి, అరగదీసేకొద్దీ అది వెనక్కి జరగడంతో పాటు ఎత్తు కూడా తగ్గుతుంది. ముందున్న మూపురం మాత్రం అలాగే ఉంటుంది. రెండిటి మధ్య తేడా 0.65 నుంచి క్రమంగా సున్నా వైపు పోతుంది. పదును అద్దంలా ఉన్నా పిండే రాలుతోందంటే కారణం ఇదే. మూడు నాలుగుసార్లు పదును పెట్టాక గేజ్ పలక పెట్టి చూసి, పలక పైకి పొడుచుకొచ్చిన భాగాన్ని బల్లపరుపు ఆకురాయితో తీసేయాలి. ముందు మూలను మళ్లీ గుండ్రంగా తీర్చాలి. 'ఎక్కువ కోస్తుంది కదా' అని మూపురాన్ని మరీ తగ్గించడం ప్రమాదకరం. పన్ను మోయలేనంత లోతుకు దిగి పట్టేస్తుంది, రంపం కుదుపుతుంది, కిక్‌బ్యాక్ (బార్ ఉన్నట్టుండి మనిషి వైపు ఎగిరిపడటం) ముప్పు పెరుగుతుంది.

కిక్‌బ్యాక్: బార్ ముక్కు పై భాగం

చెయిన్ బార్ పైభాగం మీదుగా ముందుకు పోయి, ముక్కు చుట్టూ తిరిగి, అడుగు నుంచి వెనక్కి వస్తుంది. ఫుల్ త్రాటిల్‌లో దాని వేగం సెకనుకు 20 మీటర్ల పైమాటే. ముక్కును నాలుగు భాగాలు చేసి చూస్తే, ముందువైపు పై పావు భాగమే ప్రమాద స్థలం. అక్కడ పన్ను వంపు తిరుగుతూ ఉంటుంది గనక ముందున్న మూపురం పక్కకు తప్పుకుంటుంది, పన్ను అడ్డూ అదుపూ లేకుండా లోతుగా కొరకబోతుంది. కొరకలేక ఆగిపోతుంది. చెయిన్‌లో ఉన్న బలమంతా బార్‌ను వెనక్కి, పైకి, పనిచేసే మనిషి ముఖం వైపు విసిరేస్తుంది. కన్ను చూసి చెయ్యి స్పందించే లోపలే అది అయిపోతుంది. ఈ పావు భాగాన్ని దేనికీ తగలనివ్వకపోవడం తప్ప దీనికి వేరే మందు లేదు. కోస్తున్న దుంగ వెనక కనపడని కొమ్మ, పక్కనున్న మరో దుంగ చివర, ఇవే ఎక్కువగా తగిలేవి.

తగిలితే ఆదుకునేది చెయిన్ బ్రేక్. ముందు పిడికి ఎదురుగా ఉన్న గార్డు ముందుకు పడగానే, ఒక ఉక్కు పట్టీ క్లచ్ డ్రమ్మును బిగించి చెయిన్‌ను ఆపేస్తుంది. గార్డు రెండు రకాలుగా పడుతుంది. మణికట్టు తగిలినప్పుడు, లేదా రంపం విసురుకు గార్డు తన బరువుతో తానే. ఆ పట్టీ చుట్టూ నూనె కలిసిన పొట్టు పేరుకుంటే బ్రేక్ జారిపోతుంది. అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు పరీక్షించాలి. రెండు చేతులా రంపాన్ని పట్టుకుని, ఒకటి రెండు సెకన్లు ఫుల్ త్రాటిల్ ఇచ్చి, చెయ్యి పిడి వదలకుండా ఎడమ మణికట్టుతో గార్డును ముందుకు తోస్తే చెయిన్ తక్షణం ఆగాలి. కాస్త నడిచి ఆగినా ఆ రంపంతో ఆ రోజు పని చేయకూడదు. బ్రేక్ వేసి ఉంచి ఇంజిన్‌ను రేజ్ చేస్తూ కూర్చోకూడదు, క్లచ్ కాలిపోతుంది.

పట్టుకునే తీరు కూడా బ్రేక్ అంత ముఖ్యం. ఎడమ బొటనవేలు ముందు పిడి చుట్టూ కింది నుంచి తిరగాలి, వేళ్ల సరసన పైన ఉండకూడదు. మోచెయ్యి దాదాపు నిటారుగా, తల బార్ గీత మీద కాకుండా ఎడమ పక్కకు. భుజం ఎత్తు దాటి కోయకూడదు. నిచ్చెన మీద నిలబడి, ఒంటి చేత్తో కోయడం ఎవరికీ తగదు, ఎంత అనుభవం ఉన్నవారికైనా.

కిక్‌బ్యాక్ కాని రెండు లాగుళ్లు కూడా ఉన్నాయి. బార్ అడుగుతో కోస్తే చెయిన్ రంపాన్ని ముందుకు, చెక్కలోకి లాగుతుంది. పైభాగంతో కోస్తే రంపం మనిషి మీదికి నెడుతుంది. మొదటిదానికి ఇంజిన్ ముందున్న ఇనుప ముళ్లు చెక్కకు ఆనించుకుంటే సరిపోతుంది. రెండోదానికి కాళ్లు ఎడంగా పెట్టి, పిడికి తొడ ఆనించి నిలబడాలి.

తొడుగుల గురించి ఒక్క మాట చాలు, కానీ గట్టిగా చెప్పాల్సిన మాట. చెయిన్ సా పంట్లాంలో ఉండే పొడవాటి పోగులు చెయిన్‌కు చుట్టుకుని దాన్ని తిప్పే పళ్ల చక్రాన్ని (స్ప్రాకెట్) ఇరికించేస్తాయి, ఆ విధంగానే కాలిని కాపాడతాయి. అందుకే ఒకసారి కోత పడిన పంట్లాం కుట్టి వాడటానికి పనికిరాదు. వాటికి తరగతులున్నాయి. తరగతి 1 సెకనుకు 20 మీటర్ల చెయిన్ వేగానికి పరీక్షించినది, తరగతి 2 సెకనుకు 24, తరగతి 3 సెకనుకు 28. చెవి మఫ్లు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, ఉక్కు ముక్కున్న బూట్లు ఎప్పుడూ ఉండాలి. ఈ ఇంజిన్ల మోత 100 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

బిగింపు, ఆయిల్

చెయిన్‌ను చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. బార్ నట్లు వదులు చేసి, బార్ ముక్కును చేత్తో పైకెత్తి పట్టుకుని, అడుగున వేలాడే చెయిన్ బార్‌కు అతుక్కునే దాకా స్క్రూ తిప్పాలి. ముక్కును అలాగే ఎత్తి ఉంచి నట్లు బిగించాలి. బ్రేక్ వదిలి చేత్తో లాగితే చెయిన్ సులువుగా తిరగాలి, అయినా పైకి లాగినప్పుడు దాని అడుగు పలకలు గాడి నుంచి పూర్తిగా బయటికి రాకూడదు. కొత్త చెయిన్ మొదటి అరగంటలో త్వరగా వదులవుతుంది, రివెట్లు కుదురుకునే దాకా మాటిమాటికీ చూడాలి. వేడెక్కి వదులైన చెయిన్‌ను పని మధ్యలో బిగిస్తే, పని ముగించాక గుర్తుపెట్టుకుని వదులు చేయాలి. చల్లారుతూ కుంచించుకుపోయే చెయిన్ బార్‌నూ క్రాంక్ బేరింగులనూ గుంజి దెబ్బతీస్తుంది.

బార్ ఆయిల్‌కు జిగురు ఉండాలి. ముక్కు తిరిగేటప్పుడు విసిరికొట్టుకుపోకుండా చెయిన్‌కు అంటుకునేది ఆ జిగురే. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. అందులో సన్నటి ఇనుప రజను ఉంటుంది, జిగురు ఉండదు, చర్మానికి చెరుపు. ఆయిల్ వస్తోందో లేదో తేల్చుకోవడానికి బార్ ముక్కును తెల్లటి చెక్క ముందు ఒక జానెడు ఎడంగా పట్టి, ముప్పావు త్రాటిల్ ఇస్తే నిమిషంలో సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే పంపును అనుమానించే ముందు బార్ మొదట్లో ఉన్న ఆయిల్ రంధ్రాన్ని, గాడిని గీకి శుభ్రం చేయాలి. తొంభై శాతం చిక్కు అక్కడే అని లెక్కలేం చెప్పలేం గానీ, మొదట చూడాల్సింది మాత్రం అదే. చాలా రంపాల్లో ఒక ట్యాంకు పెట్రోలు అయిపోయేసరికి ఇంకా కాస్త ఆయిల్ మిగిలేలా ట్యాంకుల కొలత ఉంటుంది. కాబట్టి పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆయిల్ కూడా నింపాలి. పెట్రోలు అయిపోయాక చూస్తే ఆయిల్ ట్యాంకు ఇంకా నిండుగానే ఉందంటే చెయిన్ ఎండుగా తిరిగిందన్నమాట.

చెయిన్ తీసినప్పుడల్లా బార్‌ను తలకిందులుగా తిప్పి వేయాలి, లేకపోతే ఒకే పక్క అరుగుతుంది. అంచులకు లేచిన ఇనుప చీలికలను ఆకురాయితో తీసేయాలి. స్ప్రాకెట్ పళ్లలో 0.5 మిల్లీమీటర్ల లోతు గాడి పడితే మార్చాలి. పాత స్ప్రాకెట్ మీద వేసిన కొత్త చెయిన్ కూడా పాతదానిలాగే అరుగుతుంది.

పెట్రోలులో నూనె: రెండు వేర్వేరు 'మిక్చర్లు'

టూ స్ట్రోక్ ఇంజిన్‌కు విడిగా ఆయిల్ సంప్ ఉండదు. పెట్రోలులో కలిపిన నూనె తప్ప క్రాంక్ బేరింగుకు, పిస్టన్‌కు వేరే దిక్కు లేదు. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100. 40:1 అయితే లీటరుకు 25, 25:1 అయితే 40. ఏది వాడాలో మాన్యువల్ చెబుతుంది, అంచనాతో కాక కొలత పాత్రతో పోయాలి. నూనె గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్లకు చేసినదై ఉండాలి, పడవ ఇంజిన్లది వద్దు.

ఇక్కడొక పాత గందరగోళం ఉంది. మెకానిక్ 'మిక్చర్ లీన్ అయింది' అన్నప్పుడు నూనె తక్కువైందని చాలామంది అర్థం చేసుకుని ఇంకాస్త నూనె కలుపుతారు. అతను చెప్పింది గాలికి పెట్రోలుకు ఉన్న నిష్పత్తి. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే లీన్. నూనె పెంచితే కార్బ్యురేటర్‌లోని అదే సన్నటి రంధ్రం (జెట్) లోంచి వచ్చే దానిలో పెట్రోలు ఇంకా తగ్గుతుంది, అంటే లీన్ తగ్గకపోగా ఒక పిసరు పెరుగుతుంది. లీన్ ఇంజిన్ చెవికి మహా చురుగ్గా, కీచుమంటూ వినిపిస్తుంది, త్రాటిల్ వదిలినా వేగం వెంటనే దిగదు. అలా నడిపిస్తే పిస్టన్ కాగి సిలిండర్‌కు పట్టేస్తుంది. కార్బ్యురేటర్ గొట్టంలో పగులు, అరిగిన క్రాంక్ సీలు, ట్యాంకులో పూడుకుపోయిన పెట్రోలు ఫిల్టరు ఇవే సాధారణ కారణాలు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే అందుకు విరుద్ధం. గాలి తగ్గి రిచ్ అవుతుంది, పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, లాగుడు తగ్గుతుంది. ఫిల్టర్లు, ప్లగ్గు చూడకుండా కార్బ్యురేటర్ స్క్రూల మీద చెయ్యి వేయకూడదు. ప్లగ్గు సందు చాలా రంపాలకు 0.5 మిల్లీమీటర్లు, దాని మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ సరిగ్గా మండుతున్నట్టు.

కొన్ని లక్షణాలు నేరుగా కారణాన్నే చూపిస్తాయి. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత తెరిచి మూయగానే మళ్లీ నడిచిందా? ట్యాంకులోకి గాలి వచ్చే దారి పూడింది. రోజురోజుకూ శక్తి తగ్గుతోందా? సైలెన్సర్‌లోని నిప్పురవ్వల జాలీ మసితో నిండింది. ఐడ్లింగ్‌లోనే చెయిన్ తిరుగుతోందా? ఐడ్లింగ్ స్క్రూ తగ్గించాలి, తగ్గించినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగు విరిగి ఉండొచ్చు. ఈ చివరిది బాగుచేయకుండా రంపాన్ని చేతిలో పట్టుకుని అడుగు వేయకూడదు.

కలిపిన పెట్రోలును నెల దాటి వాడకపోవడం మంచిది. ఇథనాల్ ఉన్న పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బ్యురేటర్‌లోని రబ్బరు పొరలను గట్టిపరుస్తుంది. ఇంజిన్ చల్లారాకే పోయాలి. పోసిన చోటు నుంచి కనీసం 3 మీటర్లు జరిగి స్టార్ట్ చేయాలి.

స్టార్ట్ చేయడం, కోయడం

రంపాన్ని నేల మీద పెట్టి, చెయిన్ బ్రేక్ వేసి, కుడి కాలి బూటు ముందు భాగం వెనక పిడిలో పెట్టి, ఎడమ చేత్తో ముందు పిడిని నొక్కి పట్టి తాడు లాగాలి. ఒక చేత్తో రంపాన్ని గాలిలో విసురుతూ తాడు లాగడం పాత అలవాటు, తొడ మీద గాయాలకు పాత దారి. చల్లటి ఇంజిన్‌కు చోక్ పూర్తిగా వేసి లాగితే ఒకసారి 'టప్' మంటుంది. అప్పుడు చోక్ తీసేసి లాగాలి. ఆ మొదటి టప్ వినకుండా చోక్‌తోనే లాగుతూ పోతే పెట్రోలు నిండిపోతుంది. అప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు విప్పి తుడిచి, ప్లగ్గు లేకుండానే తాడును ఐదారుసార్లు లాగితే లోపలున్నది బయటికి పోతుంది.

దుంగను ముక్కలు చేసేటప్పుడు ముందు అది ఎటు వంగి ఉందో చూడాలి. రెండు చివర్లా ఆని మధ్యలో వేలాడే దుంగకు పైభాగం నొక్కుకుని, అడుగు లాగబడి ఉంటుంది. ఒక చివర గాలిలో ఉన్నదానికి అందుకు తలకిందులు. నొక్కుకున్న పక్క నుంచి ముందు మూడో వంతు కోసి, తర్వాత లాగబడిన పక్క నుంచి మిగతాది కోస్తే బార్ ఇరుక్కోదు, దుంగ చీలదు. ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, కోతలోకి చీల (వెడ్జ్) కొట్టి తీయాలి, నడుస్తున్న రంపాన్ని గుంజకూడదు.

నిలబడిన చెట్టును పడగొట్టడం దీనికి పైమెట్టు, నేర్పేవారు పక్కన లేకుండా నేర్చుకునేది కాదు. లెక్క మాత్రం తెలిసి ఉండాలి. పడే వైపు మాను వ్యాసంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు లోతుకు నోరులాంటి గాటు తీయాలి. వెనక కోత దానికన్నా కొంచెం ఎత్తులో మొదలుపెట్టి, వ్యాసంలో పదో వంతు కోయకుండా వదలాలి. ఆ మిగిలిన పట్టీ తలుపు బందులా పనిచేసి చెట్టును దారిలో దింపుతుంది. దాన్ని పూర్తిగా కోసేస్తే చెట్టు ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఇంకెవరూ ఉండకూడదు. తప్పుకునే దారి పడే దిక్కుకు వెనక వైపు, ఏటవాలుగా, ముందే తుప్పలు కొట్టి సిద్ధంగా ఉండాలి.

రంపాన్ని నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగే దాకా ఐడ్లింగ్‌లో నడపాలి. కార్బ్యురేటర్‌లో మిగిలినది ఎండి జిగురు కట్టకుండా ఉండటానికే ఇది. చెయిన్, బార్ విప్పి తుడిచి నూనె రాయాలి. స్టార్టర్ కవర్ చీలికల్లో, సిలిండర్ రెక్కల మధ్య ఇరుక్కున్న పొట్టును కుంచెతో తీసేయాలి, ఇంజిన్‌ను చల్లబరిచే గాలి వాటి మధ్య నుంచే పోతుంది. మళ్లీ తీసినప్పుడు ముందు కొత్తగా కలిపిన పెట్రోలు పోసి, బ్రేక్ పరీక్షించి, ఒక చిన్న దుంగ కోసి, రాలిన పొట్టును చేతిలోకి తీసుకుని చూడాలి.